బలం బిళ్ళ

పాలకొల్లు చేపల మార్కెట్లో నాగదుర్గ గొంతు ఎరగనివాళ్ళు లేరు. అవతలి వరసలో బేరమాడుతున్న వాళ్ళు కూడా ఆవిడ కేక వినపడగానే మెడ తిప్పి చూసేవాళ్ళు. "రండమ్మా, వంజరం! ఐసు మొహం చూడని వంజరం!" అని అరిచేది. పక్కనే థర్మోకోల్ పెట్టెలోంచి ఐసు నీళ్ళు కారి కొన్నవాళ్ళ చెప్పులు తడుస్తూ ఉండేవి. ఎవరైనా ఆ నీళ్ళకేసి చూస్తే ఏమాత్రం తడబడకుండా "అది నా చెమటండి" అనేది. నవ్వినవాళ్ళు కొనకుండా వెళ్ళేవాళ్ళు కాదు.

మొగల్తూరు దాటాక సముద్రం ఒడ్డునున్న పల్లె ఆవిడది. మొగుడు త్రిమూర్తులు పడవ మీద వేటకి వెళ్తాడు. ఒకే వాకిట్లో రెండు ఇళ్ళు. ఒకటి వీళ్ళది, రెండోది బావగారిది. ఇద్దరికీ ఒకటే కుళాయి. బావగారి భార్య అచ్చాయమ్మ నాగదుర్గకు తోటికోడలు, వయసులో ఆరేళ్ళు పెద్ద. తోటికోడళ్ళంటే ఎడమొహం పెడమొహం అనుకునేవాళ్ళు ఈ ఇద్దరినీ చూస్తే నివ్వెరపోయేవాళ్ళు. పాతికేళ్ళుగా ఒకరి కూర ఒకరి ఇంట్లోనే ఉడికింది.

ఇదంతా మొన్నమొన్నటి దాకా. ఇప్పుడు నాగదుర్గకు నలభై ఏడేళ్ళు. మార్కెట్లో ఆవిడ కేక వినపడి ఆరు నెలలు అవుతోంది. మనిషి వస్తోంది, కూర్చుంటోంది, తూస్తోంది, వెళ్తోంది. శనగబద్దంత బిళ్ళ ఒకటి వేసుకోవాలా మానాలా అన్న ఒక్క ప్రశ్నలో ఆవిడ ఇరుక్కుపోయింది. వేసుకుంటే ఇల్లు ఊరుకోదు, మానేస్తే ఒళ్ళు ఊరుకోదు. ఆ బిళ్ళ సంగతి మొదటినుంచీ చెప్పాలి.

నలభయ్యో ఏట ఆవిడకు నెలసరి పది పన్నెండు రోజులు ఆగకుండా అయ్యేది. గుడ్డలు మార్చుకోవడానికి చేపలు వదిలి బస్టాండు దాకా పరిగెత్తేది. ఆఖరికి టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్ళారు. దాని పేరు మనకనవసరం. స్కానింగ్ కాగితం చూసి డాక్టరు, "సంచి పాడైపోయిందమ్మా, ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అవుతుంది. పిల్లలు పుట్టేశారుగా, ఇంక దాంతో పనేముంది?" అన్నాడు. ముందు మందులు వాడి చూద్దామని అనలేదు. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక ఎవరికైనా వేరే మాట వినపడుతుందా? నాగదుర్గకూ వినపడలేదు. ఇంగ్లీషులో ఉన్న నాలుగు కాగితాల మీద పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా త్రిమూర్తులు సంతకం చేశాడు. తీసేది ఆవిడది, సంతకం ఆయనది. అదేంటని అక్కడ ఎవరికీ తోచలేదు, నాగదుర్గకు కూడా.

ఆపరేషన్ అయ్యాక నర్సు స్టీలు ట్రే పట్టుకుని బయటికొచ్చింది. తీసినదాన్ని ఇంటాయనకు చూపించడం అక్కడ పద్ధతి. చూపించకపోతే అసలు తీశారా లేదా అని తరవాత గొడవకొస్తారట. పైన కప్పిన గుడ్డ తీసి, "చూసుకోండి బాబూ" అంది. త్రిమూర్తులు ఒక్క క్షణం చూసి, మొహం తిప్పుకుని, టీ కొట్టుకి వెళ్ళిపోయాడు. ఆ ట్రేలో ఏముందో ఆయన ఆవిడకు చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

నాలుగు నెలలు తిరక్కుండానే ఆవిర్లు మొదలయ్యాయి. మెడ దగ్గర పుట్టి చెవుల దాకా పాకేవి. ఒళ్ళంతా తడిసిపోయేది, తరవాత వణుకు పుట్టేది. ఒకరోజు మార్కెట్లో అందరూ చూస్తుండగా ఐసు ముక్క తీసి జాకెట్లో వేసుకుంది. పక్కవాళ్ళు పగలబడి నవ్వారు, ఆవిడా నవ్వింది. నవ్వులో పోయేదైతే బాగానే ఉండును. నిద్ర పోయింది. కీళ్ళు పట్టేశాయి. ఎవరో ఆడమనిషి చందువా రేటు తగ్గించమని అడిగితే ఉన్నపళంగా ఏడుపొచ్చేసింది. అడిగినావిడ బెదిరిపోయి, "ఫర్లేదమ్మా, చెప్పినంతా ఇస్తాను" అని కొనుక్కుని వెళ్ళింది. నాగదుర్గ ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఏడ్చి అమ్మిన చేప అదొక్కటే. ఆ సంగతి తలుచుకుని సిగ్గుతో రెండు రోజులు మార్కెట్‌కి రాలేదు.

మళ్ళీ అదే నర్సింగ్ హోమ్‌కి వెళ్ళింది. డాక్టరు తల ఎత్తకుండా చీటీ రాశాడు. మందులిచ్చే కిటికీ దగ్గర, "ఇదేంటమ్మా?" అని అడిగింది. లోపలున్న అమ్మాయి, "బలానికి. రోజూ ఒకటి. మానకు" అంది. ఆ బిళ్ళ గురించి ఏడేళ్ళలో ఆవిడకు ఎవరైనా చెప్పింది ఇంతే.

కానీ బిళ్ళ పనిచేసింది. మూడు వారాలకు ఆవిర్లు తగ్గాయి. నిద్ర పట్టింది. గొంతు తిరిగొచ్చింది. "ఇది బలమంటే!" అని నాగదుర్గ మురిసిపోయింది. ఆ పల్లెలో బిళ్ళలు మూడే రకాలు. జ్వరం బిళ్ళ, నొప్పి బిళ్ళ, ఈ రెండూ కాకపోతే బలం బిళ్ళ. జ్వరం బిళ్ళ జ్వరం ఉన్నవాళ్ళే వేసుకోవాలని అందరికీ తెలుసు. బలం బిళ్ళ మాత్రం ఎవరైనా వేసుకోవచ్చు. బలం ఎవరికి చేదు? చీటీ ఎప్పుడో చిరిగిపోయింది. అయిపోయిన అట్ట చూపిస్తే మెడికల్ షాపు శ్యాంబాబు కొత్తది ఇచ్చేవాడు. అతను ఏమీ అడిగేవాడు కాదు, ఆవిడ ఏమీ చెప్పేది కాదు.

అచ్చాయమ్మకు యాభయ్యో ఏట నెలసరి తనంతట తానే ఆగింది. ఆవిడకూ ఆవిర్లు మొదలయ్యాయి. కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి గోడ పట్టుకుని నిలబడిపోయింది. నాగదుర్గ చూసింది. తను పడినదంతా కళ్ళముందు కదిలింది. గబగబా ఇంట్లోకి వెళ్ళి తన అట్ట తెచ్చి సగం విరిచి ఆవిడ చేతిలో పెట్టింది.

"అక్కా, నీకు బలం లేదు. ఇది వేసుకో. నెల తిరిగేసరికి నువ్వే చెప్తావు."

"ఏం కాదు కదే?"

"నేను నాలుగేళ్ళ నుంచి వేసుకుంటున్నాను. నాకేమయ్యింది?"

ప్రేమతోనే ఇచ్చింది. ఈ కథలో నాగదుర్గను ఎవరేమన్నా ఆ ఒక్కటి మాత్రం ఎవరూ కాదనలేరు. అచ్చాయమ్మ ఆవిర్లు కూడా తగ్గాయి. ఖాళీ అట్ట పట్టుకుని ఆవిడా శ్యాంబాబు దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది.

రెండేళ్ళ తరవాత ఒక ఉదయం అచ్చాయమ్మ కుళాయి దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడుతూ నిలబడింది.

"దుర్గా, మళ్ళీ వచ్చిందే."

"ఏంటక్కా?"

"అదే. ఆగిపోయింది కదా. మళ్ళీ కనపడింది."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పడీపడీ నవ్వారు. "చూశావా బలం! పురిటి మంచం బాగుచేయించమని బావగారికి కబురు చెప్పమంటావా?" అంది నాగదుర్గ. "ఛీ, నోర్ముయ్యి" అంటూ అచ్చాయమ్మ నీళ్ళు జల్లింది. ముట్లుడిగాక కనపడే రక్తం ఆగమేఘాల మీద డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సిన గుర్తని ఆ ఇద్దరికీ ఎవరు చెప్పారు గనక? వయసు వెనక్కి వచ్చిందనుకున్నారు. పైగా, పోయే రక్తానికి బదులు ఇంకాస్త బలం కావాలని నాగదుర్గే సలహా ఇచ్చింది. "రోజుకి రెండేసుకో అక్కా" అంది.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడకు అన్నం సహించదు.

ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు అచ్చాయమ్మ వాకిట్లోనే కూలబడిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నరసాపురంలో చూపిస్తే కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. బావగారు, అచ్చాయమ్మ, తోడుగా నాగదుర్గ బయల్దేరారు. బస్సులు మారుతూ, గోదావరి పాయలు దాటుతూ వెళ్ళేసరికి మధ్యాహ్నమయ్యింది. దారంతా అచ్చాయమ్మ తల నాగదుర్గ భుజం మీదే ఉంది.

అక్కడ సత్యశ్రీ అని ఒక చిన్న వయసు డాక్టరమ్మ చూసింది. బీపీ ఉందా, షుగరుందా, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని వరసగా అడిగింది. "ఏం లేవండి, జ్వరం కూడా ఎరగదు" అన్నారు బావగారు. "బలం బిళ్ళలేనండి" అంది అచ్చాయమ్మ. అవతల ముప్పై మంది వరసలో ఉన్నారు. డాక్టరమ్మ అది ఏ క్యాల్షియమో అనుకుని రాసుకుంది. లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. పది రోజులకు ఫలితం వచ్చింది. గర్భసంచిలో క్యాన్సర్. ఇంకా ముదరలేదు, ఆపరేషన్ చేస్తే చాలావరకు నయమవుతుందన్నారు.

ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రం డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చింది. ఆ వేళప్పుడు రద్దీ లేదు. బావగారు రక్తం బాటిల్ సంగతి కనుక్కోవడానికి కిందికి వెళ్ళారు. అచ్చాయమ్మ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తూ ఒకచోట ఆగింది.

"బలం బిళ్ళలని రాసుంది. ఏ బిళ్ళలండి అవి?"

నాగదుర్గ నడుముకున్న సంచీలోంచి తన అట్ట తీసి ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని వెనక్కి తిప్పి పేరు చదివింది. మళ్ళీ చదివింది.

"ఇది బలానికి కాదండి. హార్మోన్ మందు. ఆవిడకు ఎవరు రాసిచ్చారు?"

"ఎవరూ రాయలేదండి. నేనే ఇచ్చాను."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే నాగదుర్గకు తేలికగా ఉండేది. స్టూలు లాక్కుని కూర్చుని విడమరిచి చెప్పింది. గర్భసంచి ఉన్న మనిషి ఈ మందు ఒక్కటే వేసుకోకూడదు. లోపలి పొర మందంగా పెరిగిపోతుంది. దాన్ని అదుపులో పెట్టే ఇంకో మందు దీంతో కలిపి ఇవ్వాలి. "దీనివల్లే వచ్చిందని నేను కచ్చితంగా చెప్పలేనండి. కానీ ఇది చేటు చేసి ఉంటుంది" అంది.

నాగదుర్గ మంచం కోడు పట్టుకుంది. చాలా చిన్న గొంతుతో, "మరి నేనండి? ఏడేళ్ళయ్యింది" అంది. అంత చిన్న గొంతు ఆవిడ దగ్గరుందని మార్కెట్లో ఎవరూ నమ్మరు.

"మీకు ఆపరేషన్ అయ్యిందా? ఏం తీశారు?"

"సంచి తీశారండి."

"సంచి ఒక్కటేనా? అండాశయాలు కూడానా? దానికి రెండు పక్కలా ఉంటాయి."

నాగదుర్గకు తెలియదు. తన కడుపులో ఏముందో, ఏం లేదో తనకే తెలియదు. డాక్టరమ్మ ఎదుటే మొగుడికి ఫోన్ చేసింది. త్రిమూర్తులు రేవులో వలలు బాగుచేసుకుంటున్నాడు.

"ఏమయ్యా, నా ఆపరేషనప్పుడు ట్రేలో ఏం చూపించారు నీకు?"

"ఇప్పుడెందుకే ఆ గొడవ?"

"చెప్పవయ్యా."

"సంచి. దానికి అటొకటి ఇటొకటి, బాదంకాయలంత ఉన్నాయి రెండు. ఏం?"

"ఏం లేదు" అని పెట్టేసింది. ఏడేళ్ళు పక్కనే పడుకున్న మనిషికి తెలిసిన సంగతి, ఏడేళ్ళకు తనకు ఫోన్లో తెలిసింది. కోపం రావాలి, రాలేదు. ఆయనకు మాత్రం అవేంటో ఎవరు చెప్పారు?

డాక్టరమ్మ ఆవిడ కోసం నెమ్మదిగా చెప్పింది. "అవే అండాశయాలండి, ఈ హార్మోన్ తయారయ్యేది వాటిలోనే. నలభయ్యేళ్ళకే రెండూ తీసేశారు కాబట్టి మీ సంగతి వేరు. మామూలుగా నెలసరి ఆగే వయసు దాకా, అంటే యాభై దగ్గర దాకా, మీలాంటి వాళ్ళలో చాలామందికి ఈ మందు అవసరమే. ఉన్నట్టుండి మానేస్తే ఎముకలకీ గుండెకీ కూడా మంచిది కాదు. అలాగని చూసుకోకుండా మింగుతూ పోకూడదు. కొందరికి రక్తం గడ్డకట్టొచ్చు. రొమ్ములు పరీక్ష చేయించుకోవాలి. ఏడేళ్ళలో ఒక్కసారైనా బీపీ చూశారా?"

"లేదండి."

"మీ అమ్మగారి వైపు ఎవరికైనా రొమ్ములో గడ్డలున్నాయా?"

"ఎవరూ అడగలేదండి. నేనూ కనుక్కోలేదు."

"ఓపీకి రండి. పరీక్షలన్నీ చేసి, ఎన్నాళ్ళు వాడాలో, ఎప్పుడు ఆపాలో రాసిస్తాను. అందాకా మానొద్దు."

సంచే లేదు గనక అచ్చాయమ్మకు వచ్చింది తనకు రాదట. ఆ మాటకు నాగదుర్గ గుండె తేలికపడింది, తేలికపడినందుకు అక్కడే సిగ్గుతో చచ్చిపోయింది. తన చేత్తో ఇచ్చిన బిళ్ళ ఆ మంచం మీద మనిషిని పడుకోబెట్టింది, తనకేమో వేసుకోమని చెప్తున్నారు.

బావగారు పైకి రాగానే తనే చెప్పేసింది. దాచొచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. దాచలేకపోయింది. ఆయన అచ్చాయమ్మ మంచం కేసి చూశారు. తరవాత, "నా ఇంటి మనిషికి విషం పెట్టావు దుర్గమ్మా" అన్నారు. నాగదుర్గ ఓపీకి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? మర్నాడు ఆపరేషన్, ఆ తరవాత పన్నెండు రోజులూ అచ్చాయమ్మ మలమూత్రాలు ఎత్తడంలోనే సరిపోయింది. ఆ పన్నెండు రోజుల్లో అచ్చాయమ్మ ఆవిడతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఇంటికొచ్చిన రోజునే త్రిమూర్తులు గూట్లో ఉన్న బిళ్ళలన్నీ తీసి ఉప్పుటేరులో పారేశాడు. "నన్ను వేసుకోమంది డాక్టరమ్మ. నా సంగతి వేరంది" అని నాగదుర్గ ఎంత మొత్తుకున్నా వినలేదు.

"ఒకే బిళ్ళ ఒకళ్ళని చంపి ఒకళ్ళని బతికిస్తుందా? ఎవరికి చెప్తావే? ఎవరు విన్నారు?"

"అక్క విందేమో. పక్కనే ఉంది."

ఆ మాట పట్టుకుని బావగారు వెళ్ళి భార్యని అడిగారు. నాగదుర్గ గుమ్మం అవతల నిలబడి ఉంది. మంచం మీద అచ్చాయమ్మ గోడవైపు తిరిగి, "నాకేం వినపడలేదు. అప్పుడు మగతలో ఉన్నాను" అంది. అంతటితో ఆ ఇంట్లో పంచాయితీ ముగిసిపోయింది. "ఆ బిళ్ళ కోసం కాకినాడ బస్సెక్కితే అటునుంచటే పో. అన్నయ్య మొహం నేను చూడలేను" అన్నాడు త్రిమూర్తులు.

నెల తిరక్కుండా ఆవిర్లు మళ్ళీ పట్టుకున్నాయి. మొదటిసారి కంటే కసిగా వచ్చాయి. శ్యాంబాబు దగ్గరికి వెళ్తే, ఏడేళ్ళు అట్ట చూసి మందిచ్చిన మనిషి, "చీటీ లేందే ఇవ్వకూడదండి, రూల్సు" అన్నాడు. అతనికి ఆ రూల్సు అచ్చాయమ్మ సంగతి ఊరంతా పాకాక గుర్తొచ్చాయి. మార్కెట్ నుంచి వస్తూ ఒకరోజు నర్సింగ్ హోమ్‌కి వెళ్ళింది. పాత కాగితాలు లేవన్నారు. డాక్టరు, "దాంతో ఏం కాదమ్మా, ఎంతమంది వేసుకోవడం లేదు!" అన్నాడు.

"ఏమైనా అయితేనండి?"

"అయినప్పుడు చూద్దాం."

బీపీ చూడలేదు, చెయ్యి పట్టుకోలేదు. చీటీ రాసిచ్చాడు. ఆవిడ ఆ చీటీతో మందు కొనలేదు. ఇంట్లోవాళ్ళు విషమన్నారు, ఇతను ఏం కాదన్నాడు. పరీక్ష చేసి చెప్తానన్న ఒక్క మనిషి కాకినాడలో ఉంది. అక్కడికి వెళ్తే ఇల్లు పోతుంది. పోనీ ఇంట్లో తెలియకుండా వెళ్దామంటే, వాళ్ళ పల్లెలో ఆడది ఏ ఆటో ఎక్కిందో ఆటో తిరిగొచ్చేలోపే అందరికీ తెలుస్తుంది. ఒకవేళ వెళ్ళొచ్చినా, అచ్చాయమ్మ కళ్ళముందు ఆ బిళ్ళ ఎలా మింగుతుంది? గొంతు దిగుతుందా?

అలా ఆరు నెలలు గడిచాయి. తూకం తప్పుతోంది. చిల్లర మర్చిపోతోంది. ఒళ్ళు మండినప్పుడు పెట్టె మీద తల వాల్చి కళ్ళు మూసుకుంటోంది. పక్కవాళ్ళు ఇప్పుడు నవ్వడం లేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మగవాళ్ళిద్దరూ రేవుకి వెళ్ళారు. నాగదుర్గ కుళాయి కింద తల పెట్టి కూర్చుంది. నీళ్ళు వీపు మీంచి కారిపోతున్నాయి. పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. చూస్తే అచ్చాయమ్మ. చిక్కిపోయింది, జుట్టు పల్చబడింది. మొహమంతా చెమట. మాట్లాడకుండా తనూ చతికిలబడి చేతులు నీళ్ళలో పెట్టింది.

"నీకూ వస్తున్నాయా అక్కా?"

"బిళ్ళ మానేశాక మొదలయ్యాయి. నీకు?"

"నాకూ అంతే."

ఆరు నెలల తరవాత మాట్లాడిన మనిషిని నాగదుర్గ అడగాల్సింది ఒకటే ఉంది. "నన్ను క్షమించు అక్కా. తెలియక ఇచ్చాను" అంది. అనగానే ఏడుపొచ్చింది.

"నాకు తెలుసు" అంది అచ్చాయమ్మ. "తెలియక ఇచ్చావు. తెలిసి ఉంటే చెప్పి ఇచ్చేదానివి. చెప్పి ఇచ్చినా నేను వేసుకునేదాన్నేమో, ఆ సెగ తట్టుకోలేక. కానీ అప్పుడు అది నేను కావాలని వేసుకున్నదయ్యేది." చేతులు నీళ్ళలోంచి తీసింది. "నాది వేరే పాపం. నేను విన్నానే దుర్గా."

"ఏంటి?"

"ఆ రోజు డాక్టరమ్మ చెప్పిందంతా. నీ సంగతి వేరంది, మానొద్దంది, పరీక్షకి రమ్మంది. అక్షరం పొల్లుపోకుండా విన్నాను. కళ్ళు మూసుకున్నానంతే."

నాగదుర్గ కుళాయి కట్టేసింది. కోపం అరికాళ్ళ నుంచి లేచింది. తను తెలియక చేసింది, ఈవిడ తెలిసి తెలిసి చేసింది. ఆరు నెలలు పక్క గోడ అవతల కూర్చుని తను మండుతుంటే చూసింది. నోటిదాకా వచ్చిన మాటలు అచ్చాయమ్మ మొహం చూసి మింగేసింది.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"నన్ను కోసి కుట్టారు. నువ్వు మళ్ళీ బిళ్ళేసుకుని కేకలేస్తూ చేపలమ్ముకుంటావని ఊహించుకుంటే ఓర్వలేకపోయాను. నువ్వూ కొన్నాళ్ళు కాలాలనుకున్నాను." అచ్చాయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు నాకు మళ్ళీ మొదలయ్యాక తెలిసొచ్చింది, నిన్నేం చేశానో."

"అయితే ఇప్పుడు చెప్పు. బావగారితో చెప్పు. మా ఆయనతో చెప్పు. నువ్వు చెప్తే వింటారు."

అచ్చాయమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆరు నెలలు ఎందుకు దాచావని అడిగితే ఏం చెప్పనే? నువ్వు తెలియక చేశావని తెలిసీ మీ బావగారు నీ మొహం చూడటం లేదు. నాది తెలిస్తే బతకనిస్తారా?"

వీధిలో ఎవరిదో సైకిల్ బెల్లు మోగింది. ఇద్దరూ ఉలిక్కిపడి అటు చూశారు, ఎవరూ లోపలికి రాలేదు. అచ్చాయమ్మ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది.

"మంగళవారం కాకినాడలో నా చెకప్. తోడెవరైనా కావాలని మీ బావగారితో నేనే అంటాను, నిన్నే పంపమంటాను. డాక్టరమ్మ దగ్గర నీ పరీక్షలు చేయించుకో. నావీ అడుగుదాం, ఈ సెగలకి నాకేం వాడొచ్చో. ఆవిడ చెప్పేది ఈసారి కళ్ళు తెరుచుకుని వింటాను."

"మరి తిరిగొచ్చాక, ఇంట్లో?"

అచ్చాయమ్మ తడి చెయ్యి నాగదుర్గ భుజం మీద వేసింది. ఆ చెయ్యి వేడిగా ఉంది.

"ఇంట్లో వినలేదనే చెప్తాను."